జవాబు వచ్చేలోగా

స్టేషన్ మాస్టరు బల్ల మీద రెండు కాగితాలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టరు, నిండా గళ్లు గీసిన పెద్ద పుస్తకం. రెండోది ప్రైవేట్ నంబర్ల షీటు, వరస లేకుండా రెండంకెల సంఖ్యలు అచ్చువేసిన కాగితం.

వెనక స్టేషన్ నుంచి ఫోను మోగుతుంది. ఫలానా నంబరు బండికి లైన్ క్లియర్, అంటే దాన్ని పంపడానికి అనుమతి, ఇస్తారా అని అడుగుతారు. అంతకుముందు వచ్చిన బండి పూర్తిగా లోపలికి చేరిందా, సిగ్నళ్లు మళ్లీ ఎరుపుకి వచ్చాయా అని మాస్టరు చూసుకుంటాడు. అన్నీ సరిగ్గా ఉంటే షీటులో తరవాతి సంఖ్య చదువుతాడు. "లైన్ క్లియర్ ఇచ్చాను. ప్రైవేట్ నంబర్ 47." అవతలాయన 47 అని తన రిజిస్టరులో రాసుకుంటాడు. ఈయన తన షీటులో 47 కొట్టేస్తాడు. బ్లాక్ యంత్రాలూ ఆటోమేటిక్ సిగ్నళ్లూ వచ్చాక చాలా సెక్షన్లలో ఈ సంభాషణ అవసరం తగ్గింది. అయినా ఫోను మీద మాట ఇవ్వాల్సిన చోట, గేటు మూశానని గేట్‌మన్ హామీ ఇవ్వాల్సిన చోట, ప్రైవేట్ నంబరు ఇప్పటికీ నడుస్తోంది.

లైన్ క్లియర్ ఇచ్చాక బండి రావడానికి పది నిమిషాలు పట్టచ్చు, ఇరవై పట్టచ్చు. ఆ సేపంతా మాస్టరు కిటికీ దగ్గర నిలబడి పట్టాల వైపు చూస్తూ ఉండడు. గేటుకి ఫోన్ చేస్తాడు. లూప్ లైనులో, అంటే మెయిన్ లైన్ పక్క పట్టాల మీద, ఆగిన గూడ్సు సంగతి కంట్రోల్ ఆఫీసుకి చెబుతాడు. అటువైపు స్టేషన్ నుంచి వచ్చిన ఇంకో ప్రశ్నకి జవాబిస్తాడు. ఏ బండి ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరికి ఏం మాట ఇచ్చామో అంతా రిజిస్టరులో ఉంది. ఎదురుచూసే పనిని ఆయన పుస్తకానికి అప్పగించాడు కాబట్టే, ఒక్క మనిషి ఇన్ని బళ్లని సంబాళించగలుగుతున్నాడు.

వేలమంది క్లయింట్లకి ఒకేసారి జవాబులు చెప్పే అసింక్రనస్ సర్వర్ కూడా ఈ పద్ధతిలోనే బతుకుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ కన్నా మంచి బడి లేదు.

రైళ్ల ఊరు

ఖరగ్‌పూర్ నుంచి లైన్లు నాలుగు వైపులా పోతాయి. తూర్పున హౌరా. పడమర టాటానగర్ మీదుగా ముంబై. ఉత్తరాన మేదినీపూర్ మీదుగా ఆద్రా. దక్షిణాన బాలాసోర్, భువనేశ్వర్ దాటి మన విశాఖపట్నం, చెన్నై. ఇక్కడి 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. తరవాత గోరఖ్‌పూర్, ఆ తరవాత హుబ్బళ్లి దాన్ని దాటాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టాక, ఆ దక్షిణం లైను పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు తరతరాలుగా ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే దాని వెనక ఉన్నది ముఖ్యంగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే. అదే ఊళ్లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాల్లో, 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. బళ్లు నడిపే విద్యా, కంప్యూటర్లు నడిపే విద్యా పక్కపక్క వీధుల్లో పెరిగిన చోటిది. ఆ రెండు విద్యలకీ ఉన్న చుట్టరికం ఈ అధ్యాయంలో మన విషయం.

ఊరికే కూర్చునే గుమాస్తా

టికెట్లు ఇచ్చే ఒక సర్వర్‌ని ఊహించుకుందాం. క్లయింట్, అంటే మన చేతిలోని ఫోను, ఒక రిక్వెస్టు పంపుతుంది: ఫలానా బండిలో ఫలానా తేదీకి సీటు ఉందా? సర్వర్ ఆ ప్రశ్న చదివి, డేటాబేస్‌ని అడిగి, వచ్చిన సమాచారాన్ని జవాబుగా కూర్చి వెనక్కి పంపాలి. మొత్తానికి 50 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. అందులో సర్వర్ నిజంగా పనిచేసేది 1 మిల్లీసెకను. మిగతా 49 మిల్లీసెకన్లు డేటాబేస్ కోసం ఎదురుచూపు.

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు రాసే సర్వర్ డేటాబేస్‌కి ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా అక్కడే ఆగిపోతుంది. దీన్ని బ్లాకింగ్ అంటారు. కౌంటరులో గుమాస్తా ఒక ప్రయాణికుడి ఫారం లోపలి గదికి పంపి, అది తిరిగొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నట్టు. అలాంటి సర్వర్ సెకనుకి 20 రిక్వెస్టులకి మించి తీర్చలేదు. దాని కాలంలో 98 శాతం ఖాళీ, బయట క్యూ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కౌంటర్లు పెంచితే సరిపోదా? చాలా ఏళ్లు అదే చేశారు. ప్రతి క్లయింట్‌కీ ఒక థ్రెడ్, అంటే ఒక్కొక్కరికీ ఒక్కో గుమాస్తా. వంద మంది దాకా ఇబ్బంది లేదు. కానీ ప్రతి గుమాస్తాకీ కుర్చీ, బల్ల కావాలి. లినక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాక్‌కి మామూలుగా 8 మెగాబైట్ల చిరునామా స్థలం కేటాయిస్తారు. పదివేల థ్రెడ్లంటే 80 గిగాబైట్ల స్థలం. నిజంగా వాడేది అందులో కొంతే అయినా, పదివేల మందిలో ఇప్పుడెవరి వంతు అని తేల్చే భారం కూడా ప్రాసెసర్ మీదే పడుతుంది. 1999లో డాన్ కెగెల్ అనే ప్రోగ్రామర్ ఈ చిక్కుకి సీ10కే సమస్య అని పేరు పెట్టాడు. ఒకే యంత్రం పదివేల మంది క్లయింట్లని ఒకేసారి ఎందుకు చూసుకోలేకపోతోంది? యంత్రానికి ఆ బలం ఉంది, మన పద్ధతిలోనే లోపం ఉంది అని ఆయన వాదన.

కంట్రోలరు కుర్చీ

ఆ లోపం దిద్దే పద్ధతి రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఎప్పటినుంచో ఉంది. సెక్షన్ కంట్రోలరు ముందు పెద్ద చార్టు ఉంటుంది. ఒక అంచున కాలం, ఇంకో అంచున స్టేషన్ల పేర్లు. ప్రతి బండీ ఆ చార్టు మీద ఏటవాలుగా సాగే ఒక గీత. సెక్షన్‌లోని స్టేషన్లన్నీ ఒకే టెలిఫోను లైను మీద ఆయనకి అందుతాయి. బాలీచక్ నుంచి బండి దాటిందని కబురొస్తే గీతని అక్కడిదాకా పొడిగిస్తాడు. తరవాత ఏం చెయ్యాలో ఒక మాటలో చెప్పి, వెంటనే పాన్‌స్కుడా వాళ్లు ఏమంటున్నారో వింటాడు. ఒక బండి కోసం ఫోను పట్టుకుని ఉండిపోవడం ఆయన ఎరగడు.

అసింక్రనస్ సర్వర్ గుండెకాయ అయిన ఈవెంట్ లూప్ ఈ కంట్రోలరే. దాని దగ్గర వేల కనెక్షన్లు తెరిచి ఉంటాయి. వాటిలో దేని దగ్గర కొత్త కబురుందని అది ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. కబురున్నవాళ్ల దగ్గర మాత్రమే ఆగి, చెయ్యగలిగినంత చేసి, మిగిలినది గుర్తు రాసుకుని ముందుకి పోతుంది. 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన సెలెక్ట్ అనే సౌకర్యంతో ఇది సాధ్యమైంది. కాకపోతే సెలెక్ట్‌కి ప్రతిసారీ కనెక్షన్ల జాబితా మొత్తం మళ్లీ అప్పజెప్పాలి, అది మొదటినుంచి చివరిదాకా వెతకాలి. వెయ్యి స్టేషన్లలో ఒక్కటే పిలిచినా అన్ని పేర్లూ హాజరు పట్టీలా చదవడమన్నమాట. 2000లో ఫ్రీబీఎస్‌డీలో కెక్యూ, 2002లో లినక్స్‌లో ఈపోల్ వచ్చి ఆ శ్రమ తీసేశాయి. పేరు ఒకసారి నమోదు చేస్తే చాలు, పిలిచినవాళ్ల జాబితా మాత్రమే చేతికొస్తుంది. ఈ పునాది మీద రష్యాకి చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో ఎంజినెక్స్ సర్వర్‌ని విడుదల చేశాడు. 2009లో రయన్ డాల్ నోడ్ జేఎస్ తెచ్చాడు. 2015లో పైథాన్ భాషలోకి అసింక్, అవెయిట్ అనే మాటలు చేరాయి. అవెయిట్ అంటే, "నాకు రావాల్సిన జవాబు ఇంకా రాలేదు, నా చోటు గుర్తుపెట్టుకో, ఈలోగా ఇంకొకరి పని చూడు" అని లూప్‌తో చెప్పుకోవడం.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. ఈ పద్ధతి వల్ల ఏ ఒక్క జవాబూ త్వరగా రాదు. 50 మిల్లీసెకన్లు పట్టే పని 50 మిల్లీసెకన్లే పడుతుంది. మనకి దక్కేది ఖాళీగా పోయిన ఆ 49. డేటాబేస్ తట్టుకోగలిగితే, అదే ఒక్క గుమాస్తాతో సెకనుకి 20కి బదులు వెయ్యి దాకా తీర్చవచ్చు.

దీనికి ఒక కట్టుబాటు ఉంది. లూప్ నడుస్తుండగా ఎవరూ దాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచకూడదు. కంట్రోలరుని ఒక స్టేషన్ వాళ్లు పది నిమిషాలు మాటల్లో పెడితే సెక్షన్ అంతా స్తంభిస్తుంది. పెద్ద ఫైలు కుదించడం, పాస్‌వర్డు పరీక్షించడం వంటి బరువైన లెక్కలు లూప్‌లో పెడితే వేలమంది క్లయింట్లు ఒక్కసారిగా ఆగిపోతారు. అలాంటి పనుల్ని వేరే థ్రెడ్లకి అప్పగించి, ఫలితం మాత్రం లూప్‌కి కబురుగా తెప్పించుకోవాలి.

ఆఖరి పెట్టె

బండి వచ్చింది అనడానికి ఇంజను కనబడితే చాలదు. ఆఖరి పెట్టె వెనక ఎల్‌వీ అని రాసిన బోర్డు ఉంటుంది, రాత్రయితే ఎర్రదీపం. అది చూశాకే మాస్టరు బండి పూర్తిగా చేరిందని రాసుకుంటాడు. దారిలో కప్లింగ్ తెగి కొన్ని పెట్టెలు వెనక సెక్షన్‌లోనే నిలిచిపోయి ఉండచ్చు కదా.

నెట్‌వర్కులో రిక్వెస్టు కూడా ఒక్క ముక్కగా రావాలని లేదు. టీసీపీ బైట్లని వరస తప్పకుండా చేరుస్తుంది గానీ, ఒక సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దానికి పట్టదు. మొదట సగం రిక్వెస్టు రావచ్చు. తరవాత మిగతా సగంతో పాటు రెండో రిక్వెస్టు తలభాగమూ కలిసి రావచ్చు. అందుకే సర్వర్ ప్రతి కనెక్షన్‌కీ ఒక బఫర్ పెట్టుకుని, వచ్చినవి అందులో పోగుచేస్తూ, ఎల్‌వీ బోర్డు కోసం చూస్తుంది. హెచ్‌టీటీపీలో ఖాళీ వరస వస్తే శీర్షికలు ముగిసినట్టు. వాటి తరవాత వచ్చే అసలు సమాచారం ఎన్ని బైట్లో మామూలుగా ఆ శీర్షికల్లోనే రాసి ఉంటుంది.

జవాబు పంపేటప్పుడూ ఇంతే. లక్ష బైట్లు పంపబోతే ఆపరేటింగ్ సిస్టమ్ ముప్పైవేలు మాత్రమే పుచ్చుకోవచ్చు. మిగిలిన డెబ్భైవేలు దాచి, చోటు దొరికిందన్న కబురు రాగానే అక్కడినుంచే కొనసాగించాలి. ఈ పని మరిచిన సర్వర్ లోపం చిన్న జవాబులతో పరీక్షిస్తే బయటపడదు. ఒక మారుమూల ఊళ్లో నెమ్మది నెట్‌వర్కు మీద ఎవరికో సగం పేజీ వచ్చి ఆగిపోయినప్పుడు బయటపడుతుంది.

ఎవరి జవాబు ఎవరిది

రిజర్వేషన్లు కంప్యూటర్ల చేతికి రాకముందు, ఖరగ్‌పూర్ నుంచి విశాఖ వెళ్లి తిరిగి రావాలనుకున్న కుటుంబం తిరుగు ప్రయాణానికి టెలిగ్రాం మీద ఆధారపడేది. సీటు ఉందా అని ఇక్కడినుంచి తంతి వెళ్లేది, అక్కడినుంచి జవాబు రావాలి. ఈలోగా కౌంటరులో ఇంకెందరివో ఫారాలు చేరేవి. ప్రశ్నలు వెళ్లిన వరసలోనే జవాబులు రావు కదా. వచ్చిన తంతి ఎవరి ఫారానికి చెందినదో తేల్చేది దాని మీది గుర్తే.

ఆ కథలో పెద్ద మలుపు మన సికింద్రాబాదులో జరిగింది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, క్రిస్, తయారుచేసిన కాన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ 1994లో మొట్టమొదట అక్కడే పనిచేయడం మొదలుపెట్టింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఒక చోట కూర్చుని ఇంకో కేంద్రం చూసుకునే బండికి సీటు అడగడం అప్పటినుంచి మామూలైంది. ప్రశ్ననీ జవాబునీ తప్పిపోకుండా చేర్చే పని రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు.

ప్రతి రిక్వెస్టుకీ ఒక సంఖ్య, దాని జవాబు మీద అదే సంఖ్య. సూత్రం ఇంతే. 2015లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ/2 ఒకే కనెక్షన్ మీద ఎన్నో రిక్వెస్టుల్ని కలగలిపి పంపగలుగుతోందంటే, ప్రతి ముక్క మీదా అది ఏ ప్రవాహానిదో చెప్పే సంఖ్య ఉండబట్టే. పాత హెచ్‌టీటీపీలో ఆ సంఖ్య లేదు. అడిగిన వరసలోనే జవాబులు రావాలి, ముందున్నది ఆలస్యమైతే వెనకవన్నీ ఆగాలి.

సంఖ్య లేకుండా వరసనే నమ్ముకుంటే ఏం జరుగుతుందో 2023 మార్చి 20న లోకం చూసింది. చాట్‌జీపీటీ వాడుతున్న కొందరికి ఎవరో అపరిచితుల సంభాషణల శీర్షికలు కనబడ్డాయి. ఓపెన్‌ఏఐ సేవని ఆపి, కారణం వెతికి బయటపెట్టింది. రెడిస్ అనే డేటా నిలవతో మాట్లాడే పైథాన్ లైబ్రరీలో, అసింక్రనస్ భాగంలో, ఒక లోపం ఉంది. రిక్వెస్టు వెళ్లాక, జవాబు అందుకునేలోగా దాన్ని రద్దు చేస్తే ఆ జవాబు కనెక్షన్‌లో అలాగే మిగిలిపోయేది. అదే కనెక్షన్ తరవాత ఇంకొకరి చేతికి వెళ్లేది. వాళ్లు తమ ప్రశ్న వేసి, మొదట వచ్చిన జవాబుని తమదే అనుకుని పుచ్చుకునేవారు. అది వెనకటివాళ్లది.

వాడేసిన ప్రైవేట్ నంబరుని మాస్టరు ఎందుకు కొట్టేస్తాడో ఇప్పుడు బోధపడుతుంది. పాత మాట ఏదీ కొత్త మాటగా చెలామణీ కాకూడదు. రిక్వెస్టుని రద్దు చేస్తే దాని సంఖ్యని ఇంకో రిక్వెస్టుకి వాడకూడదు. సంఖ్యలు లేని కనెక్షన్ అయితే దాన్నే మూసేయాలి.

మౌనానికి అర్థం

అడిగాం, జవాబు రాలేదు. ఎంతసేపు చూడాలి? లైన్ క్లియర్ అడిగిన మాస్టరుకి అవతలినుంచి పలుకు రాకపోతే, సరేనన్నట్టే అనుకుని బండిని వదలడు. మౌనం అంగీకారం కాదు. స్టేషన్ల మధ్య సమాచార సంబంధాలన్నీ తెగిపోతే ఏం చెయ్యాలో రైల్వే నిబంధనల్లో వేరే పద్ధతి రాసి ఉంది.

సర్వర్ కూడా ప్రతి ఎదురుచూపుకీ గడువు పెట్టుకోవాలి. లేకపోతే రాని జవాబుల కోసం తెరిచిపెట్టిన కనెక్షన్లు పోగుపడి ఒకరోజు అంతా ఆగిపోతుంది. గడువు దాటాక మళ్లీ అడగవచ్చా అన్నది అసలు చిక్కు. జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. పని జరిగి, జవాబు దారిలో తప్పిపోయి ఉండచ్చు. ఖాతాలో డబ్బు కట్ అయి టికెట్ రాని అనుభవం మనలో ఎంతమందికి లేదు? ఆ క్షణంలో మళ్లీ నొక్కాలా వద్దా అని వేలు వణుకుతుంది. ఆ భయం ప్రయాణికుడి మీద వెయ్యకూడదు. క్లయింట్ మొదటిసారి పంపిన లావాదేవీ సంఖ్యనే రెండోసారీ పంపాలి. సర్వర్ తన పుస్తకంలో చూసి, ఈ సంఖ్య మీద పని అయిపోయిందని కనబడితే, మళ్లీ చెయ్యకుండా పాత జవాబునే తిరిగి ఇవ్వాలి.

దారి తాళం

అసింక్రనస్ పద్ధతి తెచ్చే ప్రమాదం ఇంకొకటుంది. అవెయిట్ అని పక్కకి వెళ్లి తిరిగొచ్చేలోగా లోకం మారిపోతుంది. సీటు ఖాళీగా ఉందని చూసి, బ్యాంకు జవాబు కోసం ఎదురుచూస్తుంటే, ఈలోగా ఇంకో రిక్వెస్టు ఆ సీటే పట్టుకుపోవచ్చు.

రైల్వే దీన్ని ఇంటర్‌లాకింగ్‌తో ఎదుర్కొంది. ఒక బండికి దారి కట్టగానే ఆ దారిలో పాయింట్లన్నిటికీ, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టాలకి, తాళం పడుతుంది. దానికి అడ్డొచ్చే దారి ఇంకెవరూ కట్టలేరు. తాళం పడ్డాకే సిగ్నల్ పచ్చబడుతుంది. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో 800 దారుల్ని సంబాళించే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. సీటు అమ్మే సర్వర్ కూడా ముందు ఆ సీటుని కొద్ది నిమిషాలు పట్టి ఉంచి, తరవాతే బ్యాంకుని అడగాలి.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో ఖరగ్‌పూర్ డివిజన్‌కి తెలుసు. 2023 జూన్ 2 సాయంత్రం ఆ డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ మీద పచ్చ సిగ్నల్ ఉంది. పాయింటు మాత్రం గూడ్సు ఆగి ఉన్న లూప్ లైను వైపు ఉండడంతో బండి వెళ్లి ఆ గూడ్సుని గుద్దింది. సిగ్నల్ వైరింగ్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. 290 మందికి పైగా చనిపోయారు. జవాబు నిజస్థితిని చూసి పుట్టాలి. డేటాబేస్‌లో రాత పూర్తికాకుండా "మీ సీటు ఖరారైంది" అని పంపే సర్వర్, పాయింటు చూడకుండా పచ్చదీపం వెలిగించినట్టే.

వద్దనగలిగే ధైర్యం

లైన్ క్లియర్ పద్ధతిలో బండిని పంపేవాడిది కాకుండా పుచ్చుకునేవాడి మాట చెల్లుతుంది. యార్డులో చోటు లేకపోతే మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వడు. బండి వెనక స్టేషన్‌లోనే ఆగుతుంది, దాని వెనకది ఇంకా వెనక. ఇలా రద్దీ కబురు వెనక్కి పాకడాన్ని ప్రోగ్రామర్లు బ్యాక్‌ప్రెషర్ అంటారు.

ఉదయం తత్కాల్ తెరుచుకునే నిమిషం తలచుకోండి. దేశం నలుమూలల నుంచి లక్షల వేళ్లు ఒకేసారి నొక్కుతాయి. 2014లో ఐఆర్‌సీటీసీ కొత్త వ్యవస్థ తెచ్చినప్పుడు నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యం 7,200కి పెరిగింది. సామర్థ్యం ఎంత పెంచినా దానికి ఒక హద్దు ఉండే తీరుతుంది. ఈవెంట్ లూప్ కొత్త రిక్వెస్టుల్ని చాలా తేలిగ్గా లోపలికి తీసుకుంటుంది, అదే దాని బలహీనత కూడా. తీర్చలేనన్ని పుచ్చుకుంటే మెమరీ నిండి అందరికీ జవాబు ఎగ్గొడుతుంది. క్యూకి హద్దు పెట్టి, అది దాటాక వచ్చినవాళ్లకి "ఇప్పుడు చోటు లేదు, కాసేపాగి రండి" అని వెంటనే చెప్పడమే మర్యాద. అదీ జవాబే. నిమిషాల తరబడి తిరిగే చక్రం చూపించడం కన్నా నయం.

ఛార్జి ఒప్పజెప్పడం

స్టేషన్‌లో డ్యూటీ మారే వేళ దిగిపోయే మాస్టరు డైరీ తెరుస్తాడు. ఏ బండికి లైన్ క్లియర్ ఇచ్చి ఉంది, ఏ లైనులో ఏది నిలిచి ఉంది, ఎవరికి ఏం మాట బాకీ ఉంది, అన్నీ రాస్తాడు. ఎక్కే మాస్టరు చదివి సంతకం పెడతాడు. ఆ సంతకం పడేదాకా మొదటాయన కుర్చీ వదలడు.

సర్వర్లకీ డ్యూటీ మారుతుంది. కొత్త కోడు పెట్టాలంటే పాత ప్రోగ్రాం దిగిపోవాలి. చటుక్కున ఆపేస్తే ఆ క్షణంలో దాని చేతిలో ఉన్న రిక్వెస్టులన్నీ గాల్లో కలిసిపోతాయి. మంచి సర్వర్ ముందు తలుపు మూసి కొత్తవాళ్లని రానివ్వడం ఆపుతుంది. చేతిలో ఉన్నవాటికి జవాబులు పంపుతుంది. గడువులోగా తీరనివి ఉంటే పుస్తకంలో రాసి, తరవాత వచ్చే ప్రోగ్రాం ఎత్తుకునేలా వదులుతుంది. ఆ తరవాతే దిగిపోతుంది.

దక్షిణాదికి వెళ్లే బండి ఖరగ్‌పూర్ దాటిపోయినప్పుడు, విశాఖలో దిగబోయే అమ్మకి తన ప్రయాణంలో ఎన్ని డ్యూటీలు మారాయో, ఎన్ని సంఖ్యలు రాసి కొట్టేశారో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆమె ఎక్కిన బండి పేరిట ప్రతి స్టేషన్ రిజిస్టరులోనూ ఒక వరస ఉంది, ఒక్కో స్టేషన్ దాటగానే అక్కడి మాస్టరు ఆ వరస పూర్తిచేసి టైము వేస్తున్నాడు.